పిల్లలకు "సర్దుకుపో" అని చెప్పి పంపకండి

అల్ ఖోర్‌లో మన తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఒకటే మాట. పన్నెండో తరగతి అయిపోయింది, పిల్లని ఎక్కడికి పంపాలి? ఫీజుల గురించి గంట మాట్లాడతారు. ర్యాంకుల గురించి ఇంకో గంట. ఇక లేచి వెళ్లిపోయే ముందు ఎవరో ఒక అమ్మ గొంతు తగ్గించి అడుగుతుంది, "అక్కడ రేసిజం ఉందంటారా అండీ?"

అప్పుడు తలా ఒక దేశం పేరు చెబుతారు. అమెరికా వద్దు, ఐర్లాండ్ మంచిది అంటారు ఒకరు. ఐర్లాండ్‌లో మనవాళ్లని కొట్టారు కదా, 2025 ఆగస్టులో డబ్లిన్‌లో మన ఎంబసీయే జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది కదా అంటారు ఇంకొకరు. అయితే జర్మనీ? అయితే సింగపూర్? కూరగాయల బేరంలాగా సాగుతుంది. ఏదీ తేలదు.

నాకేమనిపిస్తుందంటే, ఆ ప్రశ్నకు ఏ దేశానికైనా జవాబు ఒకటే. ఉంది. కాబట్టి అడగాల్సింది వేరే. పిల్లకి ఏదైనా జరిగితే మర్నాడు ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే వాళ్లు ఏం చేస్తారు? ఇంటికి ఫోన్ చేస్తే మనం ఏమంటాం? ఈ మూడూ తెలిస్తే ఏ దేశమైనా పంపొచ్చు. తెలియకపోతే నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న దోహాకి పంపినా భయమే.

కొత్తగా చదివేవాళ్ల కోసం నా గురించి రెండు మాటలు. నాకు అరవై ఆరు. పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్‌లో. మా నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి అక్కడికి వెళ్లారు. చదువంతా ఇంగ్లీషు మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడటమే, చదవడం రాయడం రాదు. అరవై దాటాక పిల్లల వాచకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. ఏడాదిలో కొన్ని నెలలు జంషెడ్‌పూర్‌లో ఉండి బిష్టుపూర్ రామమందిరంలో సేవ చేస్తాను, పూలు కట్టడం, ప్రసాదం పంచడం. మిగతా నెలలు ఇక్కడ మా అబ్బాయి దగ్గర. ఇక్కడ మన ఊళ్లలో లాగా గుడి లేదు, పూజ ఇంట్లోనే. పండగకి నాలుగు కుటుంబాలు ఒక ఇంట్లో కలుస్తాయి, పులిహోర కలపడం నా వంతు. ఆ తల్లులు గొంతు తగ్గించి అడిగేది నన్నే. పెద్దదాన్ని కదా, తెలిసి ఉంటుందని.

ఈసారి ప్రశ్న మా ఇంట్లోకే వచ్చింది. మా మనవరాలు ఇంగ్లండ్ వెళ్తానంటోంది. మా అబ్బాయి వద్దంటున్నాడు. దోహాలో ఎడ్యుకేషన్ సిటీ ఉంది, జార్జ్‌టౌన్ ఉంది, కార్నెగీ మెలన్ ఉంది, అమెరికా డిగ్రీయే ఇస్తారు, రోజూ ఇంటికి రావచ్చు అంటాడు. లేదంటే ఇండియా. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ఎన్.ఐ.టి.లలో తక్కువ ఫీజుతో వేరే సీట్లు ఉన్నాయి కదా, వరంగల్ వెళ్లు అంటాడు. అవి మంచి దారులే. కానీ వాడు వాటిని చదువు కోసం చెప్పడం లేదు, భయంతో చెబుతున్నాడు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2017 నుంచి.

ఆ ఏడాది ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, ఓలేత అనే ఊళ్లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు. వయసు 32. హైదరాబాద్‌లో చదువుకుని, ఎల్ పాసోలో మాస్టర్స్ చేసి, గార్మిన్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్నాడు. పని అయిపోయాక స్నేహితుడు మాదసాని అలోక్‌తో కలిసి ఒక బార్‌లో కూర్చున్నాడు. ఒకడు వచ్చి మా దేశంలోంచి పొమ్మని అరిచి కాల్చాడు. అలోక్ గాయపడి బతికాడు. అడ్డుపడిన అమెరికన్ కుర్రాడు ఇయాన్ గ్రిల్లట్‌కి కూడా గుండు తగిలింది. కాల్చినవాడు తర్వాత ఇరాన్ వాళ్లని చంపానని చెప్పుకున్నాడట. మనిషి ఏ దేశంవాడో కూడా చూడలేదు. రంగు చూశాడు, అంతే. 2018లో వాడికి జీవిత ఖైదు పడింది.

ఇలాంటిదానికి తల్లిదండ్రులు చెప్పే జాగ్రత్తలు ఏవీ పనికిరావు. శ్రీనివాస్ ఏ జాగ్రత్త మర్చిపోయాడు? ఏదీ లేదు. అందుకే ఈ భయం అంత పెద్దది. నేను దాన్ని తక్కువ చేయను. "ఏమీ కాదులే" అనే పెద్దవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కానీ పిల్ల కాలేజీలో నాలుగేళ్లు ఎదుర్కొనేది ఎక్కువగా అది కాదు. చిన్నవి. గ్రూపులో ఎవరూ చేర్చుకోకపోవడం, యాసని వెక్కిరించడం, అన్నం వాసన అనడం, బస్సులో వెనక నుంచి ఒక మాట. ఆ చిన్నవే రోజూ జరిగితే చిన్నవి కావు.

2019లో బ్రిటన్‌లో ఈక్వాలిటీ అండ్ హ్యూమన్ రైట్స్ కమిషన్ యూనివర్సిటీల మీద ఒక రిపోర్టు ఇచ్చింది. మైనారిటీ జాతుల విద్యార్థుల్లో 24 శాతం మంది చదువు మొదలుపెట్టాక జాతి వేధింపు ఎదురైందని చెప్పారు. నూటికి ఇరవై నాలుగు. మా అబ్బాయి ఈ అంకె చూసి "చూశావా అమ్మా" అన్నాడు. చూశాను. నేను చూసింది దాని కింద ఉన్న అంకె. వేధింపు ఎదురైన విద్యార్థుల్లో మూడింట రెండు వంతుల మంది యూనివర్సిటీకి చెప్పనే లేదు. నాకు మొదటి అంకె కంటే ఈ రెండోదే ఎక్కువ బాధ కలిగించింది. మొదటిది ఎవరో చేసిన పని. రెండోది, పిల్లలు నోరు మూసుకున్నారు. నోరు మూసుకోవడం వాళ్లకి ఎవరు నేర్పారు?

నేను ఒక తెలుగు మాట చెబుతాను. నేర్చుకునేటప్పుడు ఇది నన్ను చాలా తికమక పెట్టింది. సర్దుకోవడం. పెట్టె సర్దుకో అంటే బట్టలూ పచ్చడి సీసాలూ పేర్చుకోవడం. ఊరికే సర్దుకో, సర్దుకుపో అంటే? ఎవరేమన్నా పడి ఉండు అని. పిల్ల కాలేజీకి వెళ్లే వారంలో మన ఇళ్లలో రెండు అర్థాలూ కలిపే వాడతాం. మొదటిది చెయ్యమనండి. రెండోది దయచేసి చెప్పకండి.

సర్దుకుపొమ్మని మనమే కాదు, పోలీసులూ చెబుతారు. 2009లో మెల్‌బోర్న్‌లో మన విద్యార్థుల మీద దాడులు జరుగుతున్నప్పుడు అక్కడి పోలీసులు ఇచ్చిన సలహాల్లో ఒకటి ఏమిటో తెలుసా? రైల్లో మీ భాషలో గట్టిగా మాట్లాడకండి అని. ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ బయట పెట్టుకోకండి అన్నారు, అది సరే, దొంగల భయం. భాష ఎందుకు దాచుకోవాలి? నేను ఈ వయసులో అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకుంటున్న భాష అది. అమ్మతో ఫోన్‌లో తెలుగు మాట్లాడితే దెబ్బలు తింటావు అని చెబితే, తప్పు కొట్టేవాడిది కాదు, మాట్లాడినవాడిది అయిపోతుంది.

ఆ ఏడాది మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక విద్యార్థిని పార్టీ జరుగుతున్న ఇంట్లోకి చొరబడి స్క్రూడ్రైవర్‌తో తలలో పొడిచారు. మే 31న వేలమంది విద్యార్థులు మెల్‌బోర్న్ నడిబొడ్డున రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్లు సర్దుకుపోలేదు. రెండు దేశాల ప్రభుత్వాలూ కదిలాయి. ఆస్ట్రేలియాలో నేరాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ లెక్కలు తీసి 2011లో రిపోర్టు ఇచ్చింది. మన విద్యార్థుల మీద దాడులు అక్కడి సగటు కంటే తక్కువ, లేదా దానితో సమానం అని తేలింది. దోపిడీలు మాత్రం పెద్ద రాష్ట్రాల్లో ఎక్కువ. ఎందుకంటే మన పిల్లలు రాత్రిళ్లు పెట్రోల్ బంకుల్లో, చిన్న షాపుల్లో, టాక్సీల్లో పనిచేసి అర్ధరాత్రి ఇంటికి వెళ్తున్నారు. ఇది చదివి నాకు ఒకటి అర్థమైంది. ఏ దేశం అని అడిగే తండ్రి, రాత్రి షిఫ్టు చేయక తప్పని అప్పు చేసి పిల్లాణ్ని పంపుతున్నాడా అని కూడా తనని తాను అడుక్కోవాలి. ఇంటి అద్దెకి వంద డాలర్లు ఎక్కువ పంపితే కాలేజీ దగ్గరే ఉండొచ్చు. కొంత భయం అక్కడే తగ్గుతుంది.

ఇంకో పేరు. కందుల జాహ్నవి, కర్నూలు జిల్లా ఆదోని అమ్మాయి. సియాటిల్‌లో మాస్టర్స్ చదువుతుండగా 2023 జనవరి 23న రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దింది. గంటకు 25 మైళ్లు దాటకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ల వేగంతో వచ్చింది. అమ్మాయి వయసు 23. ఆ తర్వాత ఇంకో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, ఆమె విలువ ఎంతని, ఒక చెక్కు రాసిస్తే సరిపోతుందన్నట్టు మాట్లాడాడు. ప్రమాదం ఒక సంగతి. ఆ నవ్వు వేరే సంగతి. మా ఇంట్లో ఎవరం ఆ రోజు సరిగా అన్నం తినలేదు. కానీ ఆ నవ్వు మనకెలా తెలిసింది? అతని ఒంటి మీద కెమెరా ఆన్‌లో ఉంది. సెప్టెంబర్‌లో ఆ రికార్డింగ్ బయటికి వచ్చింది. 2024 జూలైలో అతని ఉద్యోగం పోయింది. రికార్డు లేకపోతే "అలా అనలేదు" అనేవాడు, అయిపోయేది.

అందుకే నా మనవరాలికి చెప్పాను. ఎవరైనా ఏదైనా అంటే ఆ రాత్రే రాసిపెట్టుకో. తేదీ, టైము, చోటు, ఎవరు ఉన్నారు, ఏ మాట అన్నారు, ఆ మాట ఉన్నదున్నట్టు. నీకే మెయిల్ పెట్టుకో, తేదీ దానంతట అదే పడుతుంది. ఫిర్యాదు చేయాలా వద్దా తర్వాత ఆలోచించుకోవచ్చు. రాసింది మాత్రం ఉండాలి.

ఇప్పుడు కష్టమైన భాగం. పిల్లలు యూనివర్సిటీకి చెప్పకపోవడం సరే, మనకెందుకు చెప్పరు?

ఒక కారణం, చెబితే వెనక్కి వచ్చేయమంటాం. రెండో కారణం ఎవరూ ఒప్పుకోరు. మన ఇళ్లలో మాటలు పిల్లలు పదిహేడేళ్లుగా వింటున్నారు. పుట్టిన బిడ్డని చూసి మొదటి మాట రంగు గురించే. "నలుపు నారాయణుడు మెచ్చు" అనే సామెత నాకు కొత్తగా నేర్చుకున్నప్పుడు ఎంతో నచ్చింది. తర్వాత గమనించాను, దాన్ని ఎప్పుడూ ఓదార్పుగానే అంటారు. ఓదార్చాల్సిన అవసరం ఎందుకు వచ్చింది మరి? నిఘంటువులో రేసిజానికి జాతి వివక్ష అని ఉంది. జాతి అంటే ఏమిటో అడగండి. జాతీయ గీతంలో దేశం. మేలుజాతి ఆవు అంటే రకం. మా బామ్మ "తక్కువ జాతి" అంటే కులం. ఒకే మాట మూడు పనులు చేస్తోంది. ఈ జబ్బుకి మన దగ్గర సొంత మందుల షాపే ఉంది, బయటి నుంచి తెచ్చుకోనక్కర్లేదు. అమెరికాలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష నిబంధనల్లో కులాన్ని కూడా చేర్చింది. పార్టీలో ఇంటిపేరు అడిగి లెక్కగట్టేది తెల్లవాళ్లు కాదు కదా.

ఇక్కడ గల్ఫ్‌లో పెరిగిన పిల్లలకి ఇంకొకటి కూడా తెలుసు. ఏ పాస్‌పోర్టుకి ఏ మర్యాద అన్నది వాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు, లులులో క్యూలో నిలబడితే తెలిసిపోతుంది. సెక్యూరిటీ గార్డుతో నాన్న మాట్లాడే గొంతు వేరు, రాస్ లఫాన్‌లో తన తెల్ల బాసుతో మాట్లాడే గొంతు వేరు. ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రైవర్ గురించి కారు దిగాక మనం ఏమన్నామో వెనక సీట్లో పిల్ల విన్నది. అలా విన్న పిల్ల, రేపు తనని ఎవరైనా అంటే, ఆ మాట ఇంటికి మోసుకొస్తుందా? ఇంట్లో ఆ మాటకి నవ్వుతారని తెలిసినప్పుడు?

ఇండియా పంపితే ఈ బాధ ఉండదు అనేవాళ్లకి ఒక పేరు గుర్తు చేస్తాను. నీడో తానియా, అరుణాచల్ ప్రదేశ్ కుర్రాడు. జలంధర్ దగ్గర యూనివర్సిటీలో చదివేవాడు. 2014 జనవరిలో ఢిల్లీ లజ్‌పత్ నగర్‌లో షాపు దగ్గర అతని జుట్టుని వెక్కిరించారు, గొడవైంది, కొట్టారు, మర్నాడు చనిపోయాడు. సొంత దేశ రాజధానిలో. దాని తర్వాతే ఈశాన్య రాష్ట్రాల వాళ్ల కోసం బెజ్‌బరువా కమిటీ వేశారు. మన గల్ఫ్ పిల్లలకి అంత జరగకపోవచ్చు, కానీ హాస్టల్లో "డబ్బున్న గల్ఫ్ పిల్ల", "తెలుగు రాదు, హిందీ రాదు" అని పక్కన పెట్టేవాళ్లు ఉంటారు. నా కాలంలో జంషెడ్‌పూర్ నుంచి వేరే ఊరి హాస్టల్‌కి వెళ్తే నా పేరు ఎవరూ పిలవలేదు. రెండేళ్లు "మద్రాసీ"నే. నేను మద్రాసు చూడనైనా లేదు! వార్డెన్‌కి చెబితే ఆవిడా నవ్వింది. ఇంటికి ఇన్‌ల్యాండ్ లెటర్లో "ఇక్కడ అంతా బాగుంది" అని రాసేదాన్ని. ఆ రోజుల్లో అందరి ఉత్తరాలూ అలాగే ఉండేవి.

ఇప్పుడు ఇండియాలో దారి ఉంది. యు.జి.సి. ర్యాగింగ్ నిబంధనలు 2009లో వచ్చాయి. 2016లో వాటిని సవరించి రంగు, జాతి, ప్రాంతం, భాష, పుట్టిన చోటు పేరుతో తోటి విద్యార్థిని వేధించినా వెలివేసినా అది ర్యాగింగే అని రాశారు. చాలామంది తల్లిదండ్రులకి ఇది తెలియదు. అడ్మిషన్ అప్పుడు సంతకం పెట్టే కాగితాల్లో ర్యాగింగ్ చేయనని రాసి ఇచ్చేది ఉంటుంది చూడండి, సంతకం పెట్టి పడేస్తాం. చదవండి.

మిగతా దేశాల్లోనూ చెప్పుకునే చోటు ఉంది. అమెరికాలో 1964 పౌర హక్కుల చట్టం ఆరో భాగం ప్రకారం ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ కాలేజీ అయినా జాతి, రంగు, పుట్టిన దేశం చూసి తేడా చూపకూడదు. ఆస్ట్రేలియాలో 2025 ఫిబ్రవరి నుంచి విద్యార్థుల కోసమే ఒక నేషనల్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, యూనివర్సిటీ వినకపోతే అక్కడికి వెళ్లొచ్చు. బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీల్లో "రిపోర్ట్ అండ్ సపోర్ట్" అనే పేజీ ఉంది, పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం జరిగిపోతుందని కాదు, నేను అంత అమాయకురాలిని కాదు. కానీ ఆ గుమ్మం ఎక్కడుందో పిల్లకి వెళ్లకముందే తెలియాలి. ఏడుస్తూ అర్ధరాత్రి వెతుక్కోకూడదు.

గల్ఫ్ పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది, ఇండియాలో ఉన్న బంధువులకి ఇది అర్థం కాదు. వెనక్కి రావడానికి వీళ్లకి ఇల్లు గట్టిది కాదు. నాన్న ఉద్యోగం ఉన్నంత వరకే అల్ ఖోర్. ఇక్కడే పెరిగినా ఇది వాళ్ల దేశం కాదు, ఇండియాలో సెలవులకి తప్ప ఉండలేదు. అందుకే "నీ దేశానికి పో" అని ఎవరైనా అంటే ఈ పిల్లలకి ఎక్కువ తగులుతుంది. ఎక్కడికి పోవాలో వాళ్లకే తెలియదు. ఇలాంటి పిల్లకి ఇంట్లో మనుషులే ఇల్లు. "రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతాను, ఏం చేశావని అడగను, వెంటనే వచ్చేయమనీ అనను, ముందు వింటాను." ఈ మాట తండ్రి నోటితో వెళ్లకముందే చెప్పాలి. అమ్మలు ఎలాగూ చెబుతారు. తండ్రులు చెప్పరు.

మా అబ్బాయి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. కార్నిష్‌లో నడుస్తూ చెప్పాడట. ఇంకా ఇంగ్లండ్‌కి సరే అనలేదు. అది వాడికీ కూతురికీ మధ్య సంగతి. నా ఓటు మాత్రం పంపమనే. కానీ అంతకంటే ముందు మా మనవరాలు, నేను కూర్చుని ఒక మెయిల్ రాశాం. ఇంగ్లీషులోనే, అది నాకు వచ్చు. మీ దగ్గర జాతి వేధింపు మీద ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు? పేరు చెప్పకుండా చేయొచ్చా? ఎన్ని రోజుల్లో జవాబు ఇస్తారు? కిందటి ఏడాది వచ్చిన ఫిర్యాదుల మీద ఏం చేశారు? ఫిర్యాదు చేస్తే వీసాకి ఏమైనా అవుతుందా? చివరి ప్రశ్న మనవరాలిది. పిల్లల అసలు భయం అదేనట, నాకు తట్టనే లేదు.

మూడు యూనివర్సిటీలకి పంపాం. ఒకటి నాలుగు రోజుల్లో అన్ని ప్రశ్నలకీ వివరంగా జవాబిచ్చింది, వీసాకి ఏమీ కాదని మొదటి లైన్లోనే రాసింది. ఇంకొకటి రంగురంగుల బ్రోషర్ పంపింది, అందులో అన్ని దేశాల పిల్లలూ గడ్డిలో కూర్చుని నవ్వుతున్నారు, ఒక్క ప్రశ్నకీ జవాబు లేదు. మూడోది ఇంకా ఏమీ రాయలేదు. ఆదివారం దాకా చూసి, దాన్ని లిస్టులోంచి కొట్టేయమన్నాను.